పదిహేను వేలతో కుక్కపిల్ల కోసం: సిటీ కెన్నెల్ నుంచి ముధోళ్ దాకా

తల్లి కుక్క ఎక్కడుందని అడిగితే ఫోన్‌లో ఫొటో చూపించేవాడి దగ్గర పిల్లను కొనకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. మిగతాదంతా కర్ణాటకలోని ముధోళ్‌కు వెళ్లొచ్చిన బస్సు చార్జీలు, ఒక దిక్కుమాలిన లాడ్జి, జొన్నరొట్టెలు.

రాజేంద్రనగర్‌లో ముగ్గురం కలిసి చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ముందు కాస్త ఖాళీ జాగా, చుట్టూ ప్రహరీ. పైన ఓనర్ ఆంటీ. దొంగల భయంతో కుక్కను పెట్టుకోండని మొదట అన్నది ఆవిడే, కాబట్టి పర్మిషన్ గొడవ లేదు. ముగ్గురమూ పీజీ చదివేవాళ్లమే. తలా ఐదు వేలు వేసుకుంటే పదిహేను వేలయింది. మా నల్గొండ వాడికి హస్కీ కావాలి, నీలికళ్లది. హైదరాబాద్ ఎండల్లో దానికి ఏసీ పెట్టాలిరా, మనకే కూలర్ లేదు అంటే రెండు రోజులు మాట్లాడలేదు. మా ఆదోని వాడికి ఏ జాతైనా ఒకటే, మొరిగితే చాలు.

ముందు ఒక దత్తత క్యాంపుకు వెళ్లాం. వీధికుక్కల పిల్లలు, పురుగుల మందు తాగించి, టీకా వేసి ఉచితంగా ఇస్తున్నారు. ఓనర్ రాసిచ్చిన కాగితం అడిగారు, పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని సంతకం అడిగారు. పద్ధతిగా ఉంది. చేతిలో డబ్బుల్లేని స్టూడెంట్ ముందు చూడాల్సింది ఇదేనని ఇప్పటికీ అంటాను. కానీ మా నల్గొండ వాడు "మా గల్లీల ఇసొంటియి ఇరవై ఉన్నయి" అని మొహం తిప్పుకున్నాడు. ముగ్గురి డబ్బు కాబట్టి ముగ్గురూ ఒప్పుకోవాలి.

తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కుక్కల్ని పెంచి అమ్మే ఒక కెన్నెల్. పేరు రాయను. ఫోన్‌లో భలే తియ్యగా మాట్లాడాడు. హస్కీ మా బడ్జెట్‌కు రాదట. లేబ్రడార్ "పేపర్స్ లేకుండా" 9,000, "కేసీఐ పేపర్స్‌తో", అంటే జాతి కాగితాలతో, 22,000. ఒకటే పిల్ల మిగిలింది, సాయంత్రానికి పోతుంది, పట్టి ఉంచాలంటే 2,000 పంపండి అన్నాడు. మా నల్గొండ వాడు హస్కీ రాకపోయినా ఏదో ఒక ఫారిన్ కుక్క వస్తోంది కదా అని అక్కడికక్కడే పంపేశాడు. ఆటోకు 380 అయింది.

గేటు తీయగానే ఫినాయిల్ వాసన కళ్లు మండించింది. రేకుల షెడ్డు, వరసగా ఇనుప బోన్లు, ఒక్కో బోనులో రెండు మూడు జాతుల పిల్లలు కలిపి. "డబుల్ బోన్ సార్, లావు ఎముక, మొకం చూడుండ్రి, తలకాయ చూడుండ్రి" అంటూ ఒకదాన్ని మెడ పట్టి ఎత్తి మా వాడి చేతిలో పెట్టాడు. నలభై ఐదు రోజుల పిల్లట. వెటర్నరీ చదివే మా సీనియర్ అక్కకు వీడియో కాల్ చేశాను. "రేయ్, ముందు నోరు తెరిచి చూపించు" అంది. ముందు పళ్లు ఇంకా చిగుళ్లలోంచి పూర్తిగా బయటకు రాలేదు. "నెల పిల్లరా అది. పాలు మాన్పించి తెచ్చేశారు. పొట్ట చూడు, అది తిండి కాదు, పురుగులు" అంది. కెన్నెల్ వాడికి అక్క గొంతు వినిపించింది. అప్పటిదాకా సార్ సార్ అన్నవాడు ఏకవచనంలోకి దిగిపోయాడు.

నేను తల్లిని చూపించమన్నాను. "తల్లి ఫామ్‌ల ఉంది." ఫామ్ ఎక్కడ? "చేవెళ్ల దిక్కు." వెళ్లి చూస్తాం అంటే, "పారిన్ లైన్ బ్రదర్, కొత్త మనుషులొస్తే కరుస్తది" అన్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించాడు. పచ్చటి లాన్ మీద మెరిసిపోతున్న కుక్క, వెనకాల ఎర్రపెంకుల ఇల్లు. మా ఆదోని వాడు ఆ ఫొటోను తన ఫోన్‌తో వెతికితే ఇంకో మూడు ఊళ్ల అమ్మకం ప్రకటనల్లో అదే కుక్క, అదే ఇల్లు!

టీకా కార్డు అడిగాం. ఇచ్చాడు. డాక్టర్ సంతకం, స్టాంపు అప్పటికే ఉన్నాయి, తేదీల గళ్లు మాత్రం ఖాళీ. మందు సీసా మీది స్టిక్కర్ అతికించాల్సిన చోట ఏమీ లేదు. ఆ మూల బోనులో ఒక పమేరియన్ పిల్ల తల వాల్చేసి పడుకుంది, కింద నెత్తురు కలిసిన విరేచనం. అదేంటంటే "వేడి చేసింది" అన్నాడు. పార్వో అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్ రోగం. అది తెలిసినవాళ్లకు ఆ దృశ్యం చాలు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్‌కు లొంగుతుంది కానీ వాసన కొట్టే ఫినాయిల్‌కు కాదు. అలాంటి షెడ్డులోంచి పిల్లను తెచ్చుకుంటే 9,000 అనేది మొదటి కంతు మాత్రమే. సెలైన్లు ఎక్కించడం మొదలైతే పిల్ల ధర దాటిపోతుంది, అప్పటికీ బతుకుతుందన్న భరోసా లేదు.

2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ చూపించమంటే "మీరు కొననీకి వచ్చిండ్రా, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిండ్రా?" అని గేటు చూపించాడు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వడట, "ఇంకో పిల్లల అడ్జస్ట్" చేస్తాడట. రెండు వేలు పోయాయి.

కేసీఐ పేపర్ల గురించి కూడా ఒక మాట. చెన్నైలో ఆఫీసున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం పిల్ల వంశం గురించి చెబుతుంది, ఒంట్లో రోగం ఉందో లేదో చెప్పదు. కాగితానికి డబ్బు పెడుతుంటే పిల్ల మెడ దగ్గర చర్మం కింద ఉండాల్సిన చిప్‌ను రీడర్‌తో చదివించి, వచ్చిన 15 అంకెలు కాగితం మీది వాటితో కలిశాయా లేదా చూసుకోండి. రీడర్ లేదంటే కాగితం విలువ కూడా లేదు. కుక్కల పోటీలకు వెళ్లనివాళ్లకు ఆ పదమూడు వేల తేడా ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

ముధోళ్ జాతి వేటకుక్కను తెచ్చుకునే ఆలోచన అక్కదే. పొట్టి బొచ్చు, ఎండకు తట్టుకుంటుంది, పుట్టిందే ఈ దక్కన్ నేల మీద, పరిగెత్తించే ఓపిక మాత్రం మీకుండాలి అంది. గమనిక: ఈ జాతికి పేరిచ్చిన ముధోళ్ ఊరు మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాది. మాకు తెలిసినవాడొకడు పొరబడి, బాసర దర్శనం చేసుకుని పక్కనే ఉన్న ఆ నిర్మల్ ముధోల్‌లో కుక్కల కోసం వాకబు చేసి వచ్చాడు.

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి రాత్రి బస్సులో విజయపుర, మనిషికి 680. తెల్లవారి అక్కడి నుంచి జమ్ఖండి మీదుగా ముధోళ్, 120. దారిలో కృష్ణ దాటాక అంతా చెరుకే. సంక్రాంతి వెళ్లిన రోజులు, ఫ్యాక్టరీలు నడిచే కాలం. రెండేసి ట్రైలర్లు తగిలించి, ఊరంతా వినిపించేలా పాటలు పెట్టుకుని ట్రాక్టర్లు రోడ్డంతా వాళ్లదే అన్నట్టు వెళ్తుంటాయి. బస్సు వాటి వెనకే పాకింది. మా నల్గొండ వాడు కిటికీకి తల ఆనించి "హస్కీకైతే మెట్రోల పోయేటోళ్లం" అన్నాడు.

ముధోళ్ పక్కనే తిమ్మాపూర్‌లో బీదర్ వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల శునక పరిశోధన కేంద్రం ఉంది. శుభ్రంగా ఉంది, మాట్లాడిన ఉద్యోగి ఓపికగా తిప్పి చూపించాడు. 2016లో సైన్యం వాళ్లు ఈ జాతి పిల్లల్ని మీరట్ తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన కాస్త నిటారుగా నిలబడ్డాడు. పిల్ల కావాలంటే ముందుగా పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి. తొందర లేనివాళ్లకు నా ఓటు దీనికే. మాకు ఆగే వీలు లేదంటే, చుట్టుపక్కల పల్లెల్లో రైతులు కూడా పెంచుతారు, వెళ్లి చూడండన్నాడు.

ఆ రాత్రి లాడ్జి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బస్టాండ్ దగ్గరే, ముగ్గురికి 900. నల్లుల సంగతి సరే, స్టూడెంట్ ప్రాణాలు తట్టుకుంటాయి. వేడినీళ్లు బకెట్‌కు 20, అదీ పొద్దున ఏడు లోపే. తలుపు గడియ లేదు, కుర్చీ అడ్డం పెట్టుకోవాలట. మర్నాడు మధ్యాహ్నం పిల్లను బుట్టలో పెట్టుకుని బ్యాగులు తీసుకోవడానికి వచ్చి పది నిమిషాలు వరండాలో కూర్చున్నాం. బిల్లులో "ఎక్స్‌ట్రా పర్సన్ 200" అని రాశాడు. ఆ పర్సన్ ఎవరని మా ఆదోని వాడు కన్నడంలో అడిగితే బుట్ట వైపు చెయ్యి చూపించాడు. గంటసేపు వాదించినా తగ్గలేదు. పగలే విజయపుర వెనక్కి వచ్చి పడుకోండి, ముధోళ్‌లో రాత్రి ఉండకండి.

పిల్ల దొరికింది లోకాపూర్ రోడ్డు మీద, ఒక పల్లె బయట పొలంలో ఉన్న ఇంట్లో. ఆటోకు రానూపోనూ 400. వెళ్లేసరికి తల్లి వేపచెట్టు కింద పడుకుని ఉంది, పిల్లలు దాని మీద ఎక్కి తొక్కుతున్నాయి. చూపించమని అడగాల్సిన పనే లేదు. మా నల్గొండ వాడు మాత్రం "పక్కటెముకలు కనబడుతున్నయి, తిండి పెడ్తలేరా?" అని గొణిగాడు. ఈ జాతి వేటకుక్కలు అలాగే ఉంటాయి, వెనక ఎముకలు కనిపించకపోతేనే లావెక్కినట్టు. ఆ ఇంటి ముసలాయన నవ్వి, తల్లి గొలుసు విప్పి చేత్తో సైగ చేశాడు. చెరుకు గట్టు చివరిదాకా అది పరిగెత్తి వచ్చేలోపు మా వాడి నోరు మూతపడింది.

మా ఆదోని వాడు ఆయన్ని "కాకా" అన్నాడు, ఆయన మమ్మల్ని "తమ్మా" అన్నాడు. బేరం మొదలుపెట్టకముందే ఆయన ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంటికి ప్రహరీ ఎంత ఎత్తు? పొద్దున పరిగెత్తించేది ఎవరు? పరీక్షలప్పుడు తిండి ఎవరు పెడతారు? అన్నింటికీ తడుముకుంటూ జవాబు చెప్పాం. చివరగా, చదువైపోయాక ముగ్గురూ మూడు ఊళ్లకు పోతే ఇది ఎవరితో పోతుంది అన్నాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఎందుకంటే ఆ మాట అప్పటిదాకా మా మధ్య రానేలేదు. అరగంట చర్చ, ఆదోనికి ఫోన్, వాళ్లమ్మతో స్పీకర్‌లో మాట్లాడించడం. పొలం ఉన్న ఇల్లు వాళ్లదే. ఆవిడ సరే అన్నాకే ఆయన పిల్లల్ని చేతికిచ్చాడు.

టీకా వేయించారా అంటే "ఇంజెక్షన్ హాకిల్లరీ", వేయించలేదు అని ఉన్నమాట చెప్పేశాడు. పురుగుల మందు రెండుసార్లు తాగించాడట. ఆయన దగ్గరా సర్టిఫికెట్ లేదు, కార్డు లేదు. రూల్ ప్రకారం చూస్తే ఆయనా తప్పినట్టే. కానీ పిల్లకు రెండు నెలలు నిండాయి, అక్క వీడియోలో పళ్లు లెక్కపెట్టి ఒప్పుకుంది. చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, తోక కింద శుభ్రంగా ఉంది, తాళాలు మోగిస్తే తల తిప్పి చూసింది. మగపిల్లకు 12,000, ఆడపిల్లకు గిరాకీ తక్కువ కాబట్టి 9,000 అన్నాడు. ఆడపిల్లనే తీసుకున్నాం. గోధుమరంగు, ఛాతీ మీద తెల్లమచ్చ.

తర్వాత తిననివ్వకుండా పంపడట. అప్పుడే కాల్చిన జొన్నరొట్టెలు, గుత్తివంకాయ లాంటి ఎణ్ణెగాయి, శేంగా హిండి అని పల్లీపొడి, మీద గడ్డపెరుగు, పచ్చి ఉల్లిపాయ. రొట్టె పలచన, అయినా విరగదు. మా నల్గొండ వాడు ఐదు తిని ఆరోదానికి చెయ్యి చాపాడు. ఆ ఇంటావిడ అదే పిండితో కుక్కలకూ రొట్టెలు చేసి మజ్జిగలో నానబెడుతోంది. వాటికి ఏం పెట్టాలో మా చేత కాగితం మీద రాయించింది కూడా. ఈ జాతి గురించిన రాజుల కథలు, ఇంగ్లండ్ కథలు అప్పుడు విన్నవే: ముధోళ్ సంస్థానం పాలించిన మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కల్ని చేరదీసి పెంచాడని, ఒక జతను ఐదో జార్జి రాజుకు కానుకగా ఇచ్చాడని. డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పాడు ముసలాయన.

తిరుగు ప్రయాణంలో స్లీపర్ బస్సుల వాళ్లు బుట్ట చూడగానే తల అడ్డంగా ఊపారు. ఎర్రబస్సు కండక్టరే దిక్కయ్యాడు. పిల్లకు హాఫ్ టికెట్, రెండు బస్సులకూ కలిపి 400. ఎక్కే ముందు మూడు గంటలు ఏమీ పెట్టకండి. మేం పెట్టలేదు, అయినా జమ్ఖండి దగ్గర ఆదోని వాడి ఒళ్లో ఒకసారి కక్కింది.

లెక్క: పిల్ల 9,000, మనుషుల బస్సులు 4,800, దాని టికెట్లు 400, ఆటో 400, లాడ్జి ఆ పర్సన్‌తో కలిపి 1,100, దారిలో తిండి 1,150. మొత్తం 16,850. కెన్నెల్ మింగిన రెండు వేలు, ఆ ఆటో వేరు. ఒక్కరే వెళ్తే సగం ప్రయాణ ఖర్చు మిగులుతుంది, కానీ మా ఇంట్లో ఒకడి ఎంపికను ఇంకొకడు నమ్మడు.

వచ్చిన మర్నాడే మా పక్కనే ఉన్న వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాం. క్యూ పెద్దది, పుస్తకం తెచ్చుకోండి. కానీ డాక్టర్లు చుట్టూ విద్యార్థుల్ని నిలబెట్టి ప్రతిదీ విడమరిచి చెబుతారు, అదంతా మనకూ పాఠమే. పార్వో లాంటి రోగాలన్నింటికీ కలిపి వేసే నైన్ ఇన్ వన్ టీకా బయట కొనుక్కొస్తే డోసు 650 పడింది. పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి, అప్పటిదాకా వీధిలో నేల మీద దింపొద్దన్నారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో అది ఉచితంగా వేస్తారు, ఏడాదికోసారి వేయించే డోసును ఆ రోజుకు కలుపుకుంటే ఆ ఖర్చూ మిగులుతుంది.

రైల్లో తెద్దామనుకునేవాళ్లకు: స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని బోనులో వేయాలి. రెండు నెలల పిల్లను రాత్రంతా ఆ బోనులో ఒంటరిగా పంపే మాటైతే, ఎర్రబస్సే నయం.