ఎల్క్ క్రీక్ లోయలో మూడు బైనాక్యులర్లు

వేట మా సహోద్యోగిది. సెప్టెంబరులో విల్లంబులతో ఎల్క్‌ను వేటాడే లైసెన్సు అతనికి వచ్చింది. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్నలాంటి జింక. నాకు వేట రాదు, నేర్చుకోవాలనీ లేదు. "నీ కళ్లు అరువిస్తే చాలు" అంటే సరేనన్నాను. తీరా బయలుదేరాక మోత కూడా నా వంతుకు వచ్చింది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నుంచి కారులో ఆరేడు గంటలు ప్రయాణించి, డ్యురాంగోలో ఒక మోటెల్‌లో పడుకున్నాం. శుభ్రమైన గది, వేడి నీళ్లు, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ ఊరు 6,500 అడుగుల ఎత్తులో ఉంది. మర్నాడు పొద్దున 10,910 అడుగుల మోలాస్ కనుమ దగ్గర కారు దిగేసరికి, ఆ ఎత్తుకు అలవాటు లేక, నా తల పగిలిపోయింది. ఈసారి వెళితే 9,300 అడుగుల ఎత్తున్న సిల్వర్టన్‌లోనే రెండు రాత్రులు ఉంటాను. అక్కడి నుంచి కనుమ కూడా దగ్గరే.

కొలరాడో ట్రెయిల్ అనే కాలిబాట మీద వంకలు తిరుగుతూ సుమారు రెండు వేల అడుగులు దిగితే ఆనిమాస్ నది. వంతెన దాటి, చిన్న రైలు పట్టాలు దాటి, ఎల్క్ క్రీక్ వెంట పైకి నడిచాం.

నా దగ్గర పాత 8×32 బైనాక్యులర్ ఉంది, అంటే ఎనిమిది రెట్లు పెద్దచేసి చూపేది, ముందు కటకం వ్యాసం 32 మిల్లీమీటర్లు. బరువు అర కిలో. అతనిది 10×42. ఇవి చాలవేమోనని డెన్వర్‌లో ఒక దుకాణంలో 12×50 అద్దెకు తీసుకున్నాను. మొదటి సాయంత్రమే దాని బండారం బయటపడింది. చేత్తో పట్టుకుంటే కొండంతా వణికింది. ట్రైపాడ్‌కు బిగించే ముక్కకు బిల్లు వేశారు గానీ సంచిలో పెట్టలేదు! పైగా నావి కళ్లద్దాలు. దాని ఐ రిలీఫ్, అంటే బొమ్మంతా కనిపించేలా కంటిని కటకానికి ఎంత దూరంలో ఉంచవచ్చో ఆ దూరం, తక్కువ కావడంతో తాళం కంతలోంచి చూసినట్టే ఉంది. కళ్లద్దాలవాళ్లు కొనేముందు అది కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోవాలి.

పెద్ద కటకమైతే మసక వెలుతురులో బాగా కనిపిస్తుందనుకున్నాను. లెక్క వేస్తే నవ్వొచ్చింది. కటకం వ్యాసాన్ని పెద్దచేసే అంకెతో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 8×32కు 4 మిల్లీమీటర్లు, మిగతా రెండింటికీ దాదాపు 4.2. మూడూ ఒకటే! తేడా తెచ్చింది కుదురు. అతని 10×42ను తేలికపాటి ట్రైపాడ్ మీద పెట్టి చూస్తే, అవతలి వాలు మీద నేను ఎండుమోడు అనుకున్నది చెవి ఆడించింది. నా 8×32లో అది మోడుగానే ఉండిపోయింది. ఆ ట్రైపాడ్ బరువుకు దారంతా గొణిగినవాణ్ని, ఆ తర్వాత నోరెత్తలేదు.

మర్నాడు దాని దగ్గరకు వెళ్లేలోపే గాలి తిరిగింది. మా వాసన తగిలి అడవిలోకి మాయమైంది.

తిరుగు దారిలో ఆ రెండు వేల అడుగులూ ఎక్కడం శిక్షే. మేం పట్టాలు దాటిన ఆ చిన్న రైలే, డ్యురాంగో–సిల్వర్టన్ రైలు, కింద నది దగ్గరి ఎల్క్ పార్క్ అనే చోట నడిచేవాళ్ల కోసం ఆగుతుంది. టికెట్టు ముందే కొనుక్కోవలసింది. పనికిరాని 12×50ను అంత ఎత్తుకూ నేనే మోశాను.

మూడో రోజు దట్టమైన చెట్ల మధ్య తిరగడానికి అతను నా 8×32 అడిగి తీసుకున్నాడు. అక్కడ దూరం కన్నా చూపు వెడల్పు ముఖ్యమట. డ్యురాంగో చేరేదాకా దాన్ని మెడలోంచి తీయలేదు.