నయీంనగర్‌లో చైనా రాజకీయాల క్లాసులు: ఇచ్చిన డబ్బుకు న్యాయమే జరిగింది

హన్మకొండ నయీంనగర్‌లో ఒక స్టడీ హాల్ మేడమీద ఆదివారం సాయంత్రాలు ఆధునిక చైనా రాజకీయాల మీద తెలుగులో క్లాసులు జరుగుతున్నాయి. ఫీజు 1500 రూపాయలు. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన సార్ ఒకరు చెప్తారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. "జిన్‌పింగ్‌ను దించాలంటే ఎవరు దించుతరు టీచర్?" అని మా పదో తరగతి పిల్లలు అడుగుతుంటారు. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. దాని కోసమే చేరాను.

రాజవంశాల పేర్లు బట్టీ పట్టిస్తారేమోనని భయపడక్కర్లేదు. సార్ 1905తో మొదలుపెట్టారు. దాదాపు 1300 ఏళ్ల చరిత్ర ఉన్న కొలువు పరీక్షలను చైనా చివరి రాజవంశమైన చింగ్ ప్రభుత్వం ఆ ఏడాది రద్దు చేసింది. చదువుకున్న కుటుంబాలను రాజ్యానికి కట్టి ఉంచిన బంధం అదే. అది తెగాక చదువుకున్న యువకులు కొత్త సైన్యంలోకి, జపాన్ కాలేజీల్లోకి, రహస్య సంఘాల్లోకి వెళ్లారు. 1911 అక్టోబర్‌లో వూచాంగ్‌లో తిరగబడి, చింగ్ పాలన కూలడానికి దారితీసింది ఆ కొత్త సైన్యంలోని వాళ్లే. హాల్లో సగం మంది గ్రూప్స్‌కు చదివే పిల్లలు. నోటిఫికేషన్ల కోసం ఏళ్లు గడిపినవాళ్లకు ఈ ముక్క విడమరిచి చెప్పాల్సిన పనే లేకపోయింది. క్లాసయ్యాక కింద టీ కొట్టు దగ్గర కూడా దాని మీదే మాట్లాడుకున్నారు.

తర్వాత చింగ్ సేనాని యువాన్ షికాయ్. రిపబ్లిక్‌కు అధ్యక్షుడై, 1915 చివర్లో తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకుని, రాష్ట్రాలు ఎదురుతిరిగితే వెనక్కి తగ్గి, 1916 జూన్‌లో చనిపోయాడు. ఆపైన ఎక్కడి సేనాని అక్కడే రాజు. దేశం ముక్కలవుతుందన్న భయం ఇవాళ్టి కమ్యూనిస్టు పార్టీ మాటల్లో అంతగా ఎందుకు వినిపిస్తుందో ఈ క్లాసు విన్నాక తెలిసింది. 1921లో పార్టీ పుట్టుక, లాంగ్ మార్చ్, జపాన్‌తో యుద్ధం, 1949 విజయం ఎక్కడ వెతికినా దొరుకుతాయి. సార్ వాటి మీద ఎక్కువసేపు ఆగలేదు. మంచి పని చేశారు.

ఈ కోర్సు ప్రాణమంతా ఒకే ప్రశ్నలో ఉంది: పెద్దాయన తర్వాత ఎవరు, అది ఎవరు తేలుస్తారు? సార్ బోర్డు మీద అయిదు పేర్లు రాశారు. లియు షావోచీ దేశాధ్యక్షుడు, మావో వారసుడనే అందరూ అనుకున్నారు. పార్టీలోని ప్రత్యర్థుల మీదికి మావో యువకులను ఉసిగొల్పిన సాంస్కృతిక విప్లవంలో పదవి, పరువు, వైద్యం అన్నీ లాక్కుంటే 1969 నవంబర్‌లో కైఫెంగ్‌లో నిర్బంధంలోనే పోయారు. రక్షణ మంత్రి లిన్ బియావో పేరును 1969లో ఏకంగా పార్టీ నిబంధనావళిలోనే వారసుడిగా రాశారు. 1971 సెప్టెంబర్‌లో మంగోలియాలో విమానం కూలి చనిపోయాడు. మావో తర్వాత పగ్గాలు అందుకున్న హువా గువోఫెంగ్‌ను కొన్నేళ్లకే సంస్కరణల నాయకుడు డెంగ్ షియావోపింగ్ పక్కకు జరిపారు. డెంగ్ ముందుకు తెచ్చిన పార్టీ ప్రధాన కార్యదర్శులు హు యావోబాంగ్ 1987లో, ఝావో జియాంగ్ 1989లో పదవులు పోగొట్టుకున్నారు. ఝావో 2005లో చనిపోయేదాకా గృహనిర్బంధమే. ఈ అయిదుగురి కథ వరుసగా విన్నప్పుడు నాకు గుండె బరువెక్కింది. చక్రవర్తుల కాలంతో పోల్చడం సార్‌కు అలవాటు. అక్కడ మాత్రం ఆయనతో ఏకీభవించను. చక్రవర్తికి కొడుకులుండేవాళ్లు, తగాదా ఎంతున్నా వంశమనే కట్టు ఒకటుండేది. పార్టీకి అదీ లేదు, ఓట్ల పెట్టె కూడా లేదు.

1982 రాజ్యాంగం గురించి చెప్పిన క్లాసు అన్నిటికంటే గొప్పది. ఒకే మనిషి చేతిలో అధికారం పోగుపడితే ఏమవుతుందో చూసిన డెంగ్ 1980 ఆగస్టులో దాని మీదే పెద్ద ప్రసంగం చేశారు. రెండేళ్లకు దేశాధ్యక్షుడు వరసగా రెండు దఫాలు మించి ఉండకూడదని రాజ్యాంగంలో రాశారు. కానీ అసలు అధికారం ఉన్న పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికీ, సైనిక కమిషన్ చైర్మన్ పదవికీ అలాంటి హద్దు లేదు. రాయించిన డెంగ్ ఎప్పుడూ దేశాధ్యక్షుడు కాలేదు, ప్రధాని కాలేదు, పార్టీకి అధినేత కూడా కాలేదు. 1989లో సైనిక కమిషన్ కూడా వదిలేసి, ఏ పదవీ లేకుండా 1992లో దక్షిణాదికి వెళ్లి దేశాన్ని మళ్లీ మార్కెట్ సంస్కరణల దారికి తిప్పారు. అలాంటి మనిషి రాయించిన హద్దు ఎంతకాలం నిలుస్తుంది? 2018 మార్చిలో పార్లమెంటులో దాన్ని తీసేసినప్పుడు అనుకూలంగా 2958 ఓట్లు, వ్యతిరేకంగా 2. మా పిల్లల ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది: దించడానికి దారి రాసిపెట్టి ఉన్నా, నడిచే పద్ధతి ఎన్నడూ గట్టిపడలేదు. 2022లో మూడోసారి పార్టీ పగ్గాలు అందుకున్నప్పుడు కూడా జిన్‌పింగ్ పక్కన వారసుడని చెప్పదగ్గ మనిషి కనిపించలేదు.

1978 చివర్లో అన్‌హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ ఊళ్లో 18 మంది రైతులు పొలాలను ఇళ్లవారీగా పంచుకుంటామని రహస్యంగా కాగితం రాసుకుని వేలిముద్రలు వేసిన సంగతి చెప్పగానే, పరకాల దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి, "మరి వాళ్లకు పట్టా పాసుబుక్కు ఇచ్చిండ్రా సార్?" అని అడిగారు. ఇవ్వలేదు. సాగు హక్కే కుటుంబానిది, భూమి ఇప్పటికీ ఊరి ఉమ్మడిదే. ధరణి, భూభారతి చుట్టూ తిరిగిన మనుషులున్న హాల్లో ఆ చర్చ చాలాసేపు నడిచింది. ఆ పూట మైకు పట్టుకోనివాళ్లు లేరు. 1948లోనే, చైనాలో విప్లవం ఇంకా గెలవకముందే, తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపిస్తున్న కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ మావో మార్గాన్ని కేంద్ర నాయకత్వం ముందు పెట్టిందని సార్ చెప్పారు. జనగామ నుంచి వచ్చినవాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. 1959 లూషాన్ సమావేశం బాగా చెప్పారు: దిగుబడులు ఒక్కసారిగా పెంచాలన్న మావో 'గ్రేట్ లీప్' విధానాన్ని విమర్శిస్తూ రక్షణ మంత్రి పెంగ్ డెహువాయ్ మావోకు సొంతంగా రాసిన ఉత్తరాన్ని మావో అచ్చు వేయించి అందరికీ పంచడం, పెంగ్ పదవి పోవడం. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? కానీ ఆ విధానం తెచ్చిన కరువు ఎలా ముదిరిందో మాత్రం గబగబా దాటేశారు. కింది అధికారులు దిగుబడిని ఎక్కువ చేసి రాశారు, ఆ దొంగ లెక్క మీదే ప్రభుత్వం వడ్లు సేకరించింది, ఊళ్లో తిండికి మిగల్లేదు, ఎగుమతులు మాత్రం ఆగలేదు. చనిపోయినవాళ్లు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని వేర్వేరు అంచనాలు. కాంటాలు, తరుగులు తెలిసిన మన రైతుబిడ్డలకు ఇది పూర్తిగా చెప్పి తీరాలి. 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌరస్తాలో విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యంతో అణచివేయడాన్ని 2018తో కలిపి చివరి క్లాసులో కుదించడం నాకు బాధ అనిపించింది.

క్లాసు తెలుగులో, జిరాక్స్ నోట్సు ఇంగ్లిషులో. తెలుగు మీడియం పిల్లలకు అది పెద్ద ఇబ్బంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకు సరిపోదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. గోడకు కట్టిన పెద్ద మ్యాపు మీద రాష్ట్రాల పేర్లు తెలుగులో చేత్తో రాసి ఉన్నాయి, వెనక బెంచీ వరకు కనిపిస్తాయి.

గ్రూప్-1 మార్కుల కోసమే అయితే ఇంత లోతు అవసరం పడకపోవచ్చు. పేపర్లో చైనా వార్త చదివి దాని వెనక ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లు, సోషల్ టీచర్లు తప్పక వెళ్లండి. కొత్త బ్యాచ్ దసరా సెలవుల తర్వాత ఉంటుందట. చేరేటప్పుడే తెలుగు నోట్సు కావాలని, 1989కి ఒక ఆదివారం పూర్తిగా ఇవ్వాలని సార్‌ను అడగండి. అడిగితే వింటారు.