రాజధానిలో మనిషే ఉండని దీవి: మాంట్సెరాట్‌లో 5 రోజులు

ముందే ఒక మాట చెప్పేస్తా. కరీబియన్ సముద్రంలోని చిన్న దీవి మాంట్సెరాట్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది పక్క దీవి ఆంటిగ్వా నుంచి పొద్దున వెళ్ళి, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఊరు చూసుకుని, ఫొటోలు తీసుకుని సాయంత్రానికి వచ్చేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. కనీసం 4 రాత్రులు ఉండండి. ఆ పూడిపోయిన ఊరు వదిలేసి వచ్చినవాళ్ళు దీవి ఉత్తరం కొసన మళ్ళీ స్కూలు, ఆస్పత్రి, అసెంబ్లీ, ఎయిర్‌పోర్టు అన్నీ మొదట్నుంచి కట్టుకుని ఎలా బతుకుతున్నారో చూడకపోతే అక్కడికి వెళ్ళి ఏమీ చూడనట్టే.

మేం ఫిబ్రవరి చివర్లో వెళ్ళాం, నేను, మా ఆవిడ, ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చున్న అమ్మ. అట్లాంటా నుంచి ఆంటిగ్వా, అక్కడ ఒక రాత్రి, మర్నాడు చిన్న విమానం. ఆ విమానం ఎంత చిన్నదంటే పైలట్ పక్క సీట్లో కూడా ప్యాసింజర్‌నే కూర్చోబెడతారు, పెట్టెలతో పాటు మనల్ని కూడా కాటా మీద తూచి ఎవరెక్కడ కూర్చోవాలో వాళ్ళే చెప్తారు. అమ్మకి పైలట్ పక్కన పడింది. 20 నిమిషాల ప్రయాణం, కిటికీలోంచి దక్షిణాన బూడిద రంగు కొండ, ఉత్తరాన పచ్చటి కొండలు, మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. దిగాక చూస్తే మా 3 పెట్టెల్లో ఒకటి రాలేదు, బరువు ఎక్కువైందని వెనక ఆపేశారట, మాకు మాట మాత్రం చెప్పలేదు, అందులోనే అమ్మ బీపీ టాబ్లెట్లు ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది కానీ ఆ రాత్రంతా మాకు నిద్ర లేదు. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

జెరాల్డ్స్ అనే చోట కొండ మీద ఉంది ఎయిర్‌పోర్టు, 2005లో తెరిచారు, రన్‌వే సుమారు 600 మీటర్లే. మబ్బు దిగితే విమానాలు ఆగిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణంలో అదే రోజు అమెరికా ఫ్లైట్ పెట్టుకోకండి. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్ట్ మీద ఐర్లండ్ గుర్తైన మూడాకుల షామ్‌రాక్ ముద్ర కొడతారు. 1630ల్లో ఐరిష్ కేథలిక్కులు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు, అందుకే ఇంటిపేర్లు రైలీ, రయాన్, ఫారెల్ అని వినిపిస్తాయి, పిలిస్తే పలికేది ఆఫ్రికన్ మూలాలున్న మనిషి. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే ఇక్కడ సెలవు, అయితే అది ఐరిష్ పండగ ఒక్కటే కాదు, 1768లో అదే రోజున బానిసలు తిరుగుబాటుకి సిద్ధమయ్యారు, విషయం ముందే బయటపడి నాయకుల్ని ఉరి తీశారు. వాళ్ళని తల్చుకునే రోజు కూడా అదే. ఆ వారం వెళ్ళాలనుకుంటే రూములు చాలా ముందే బుక్ చేసుకోవాలి, విదేశాల్లో ఉన్న సొంత జనం అంతా అప్పుడే వస్తారు.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆంటిగ్వా వేరే దేశం, మాంట్సెరాట్ బ్రిటన్ కింద ఉన్న భూభాగం, కాబట్టి రెండింటి రూల్స్ వేర్వేరుగా, వాళ్ళ వాళ్ళ ప్రభుత్వ సైట్లలోనే చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఇంకా జాగ్రత్త.

ఇక బస. మొదటి 2 రాత్రులు ఉత్తరాన ఒక గెస్ట్ హౌస్‌లో దిగాం. రూము శుభ్రంగా ఉంది, ఓనరమ్మ మాట మంచిది, కానీ నీళ్ళు సన్నటి ధార, వైఫై ఉందంటే ఉంది, పైగా ఆదివారం కొట్లన్నీ మూసేస్తారని మాకెవరూ చెప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం మా సామాన్లలో ఉన్న అటుకులు, పల్లీలతో గడిచింది. తర్వాత 3 రాత్రులు పడమటి వైపు ఓల్వెస్టన్ దగ్గర వంటిల్లు ఉన్న ఒక విల్లా కింది భాగం తీసుకున్నాం, రేటు కాస్త ఎక్కువే గానీ వసారాలో కూర్చుంటే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పొగలు కక్కే కొండ, ప్రతి డాలరుకీ విలువ దక్కింది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తే నేరుగా ఇలాంటిదే తీసుకోండి. ఖర్చంతా ఈస్ట్ కరీబియన్ (ఈసీ) డాలర్లలో, ఒక అమెరికన్ డాలరుకి 2.70, ఆ రేటు 1976 నుంచి మారలేదు. అమెరికన్ డాలర్లు కూడా తీసుకుంటారు గానీ చిల్లర మాత్రం ఈసీల్లోనే ఇస్తారు.

కారు అద్దెకి తీసుకోండి, మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్, తాత్కాలిక పర్మిట్ కొనాలి. మలుపులు నిట్టనిలువుగా ఉంటాయి, హారన్ కొట్టకుండా తిరగొద్దు. బస్సు అంటే వ్యాన్లే, హెచ్ అక్షరంతో మొదలయ్యే ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఉన్న వ్యాన్‌కి చెయ్యెత్తితే ఆపుతారు, ఎక్కగానే అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి, చెప్పకపోతే మర్యాద తెలీనివాళ్ళ కింద లెక్క.

ఇప్పుడు ప్లిమత్ గురించి. 1995 జూలై 18న సౌఫ్రియర్ హిల్స్ అగ్నిపర్వతం మేల్కొంది, అంతకుముందు అది పేలినట్టు రాతల్లో ఎక్కడా లేదు. రాజధాని ప్లిమత్‌ని ఖాళీ చేయించారు, మళ్ళీ రానిచ్చారు, మళ్ళీ ఖాళీ చేయించారు, 1996 ఏప్రిల్‌లో జనం వదిలి వచ్చిందే ఆఖరు. 1997 జూన్ 25న మండే బూడిద, వాయువులు కలిసి కొండ మీంచి దూసుకొచ్చి 19 మందిని చంపేశాయి. వాళ్ళలో పొలాలు చూసుకోడానికి నిషేధిత ప్రాంతంలోకి వెళ్ళిన రైతులు ఉన్నారు. చేతికొచ్చే పంటని వదిలి ఎక్కడికి పోతారు చెప్పండి. అదే సంవత్సరం ఊరు తగలబడి పూడిపోయింది, తూర్పు తీరంలో ఉన్న పాత ఎయిర్‌పోర్టు కూడా పోయింది.

అక్కడికి సొంతంగా వెళ్ళనివ్వరు. అనుమతి ఉన్న గైడ్‌తోనే, గేటు దగ్గర ఆగి పోలీసులకి చెప్పి, చేతిలో రేడియో పెట్టుకుని వెళ్ళాలి, కొండ పరిస్థితి బాగోకపోతే టూరే ఉండదు. మాకు సగం రోజు పట్టింది. మీరు నడిచేది రోడ్డు మీద కాదు, ఇళ్ళ కప్పుల ఎత్తున. మూడంతస్తుల భవనానికి పై అంతస్తు ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి వంగి చూస్తే లోపల ఆఫీసు బల్ల, దాని మీద ఉబ్బి అతుక్కుపోయిన ఫైళ్ళు, ఒక కుర్చీ వెనక్కి తిరిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. రిచ్‌మండ్ హిల్ మీద ఒకప్పటి హోటల్ ఈత కొలను నిండా బూడిద, అందులో మొక్కలు మొలిచాయి.

మా అమ్మది శ్రీశైలం ప్రాజెక్టు ముంపు గ్రామం, కర్నూలు వైపు. 1981లో నీళ్ళు వచ్చినప్పుడు పెళ్ళై ఏడాదట. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి తేలినట్టే వాళ్ళ ఊరి గోడలు కొన్ని తేలతాయి, చిన్నప్పుడు నన్నొకసారి తీసుకెళ్ళి ఇది పొయ్యి, ఇది గాడిపాడు అని చూపించింది. ప్లిమత్‌లో అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. గైడ్ ఒకచోట కాలితో నేల తట్టి, మా మేనత్త ఇల్లు సరిగ్గా ఇక్కడ, మన కాళ్ళ కింద అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కూర్చుని అక్కడి బూడిద చేత్తో తడిమి, "మాది నీళ్ళల్ల, వీళ్ళది బూడిదల నాయనా. మాకన్నా ఎండాకాలం కనపడుతాది" అంది. అది ఆయనకి చెప్పమని నన్ను పట్టుబట్టింది. చెప్పాను. ఆయన టోపీ తీసి కాసేపు అలాగే నిలబడ్డాడు, తర్వాత టూర్ అయ్యేదాకా ప్రతి గుట్ట దగ్గరా అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

గైడ్ టూర్ కుదరనివాళ్ళు గారిబాల్డి హిల్ ఎక్కితే ప్లిమత్ మొత్తం పైనుంచి కనిపిస్తుంది, డబ్బు ఖర్చు లేదు. అయితే దారిలో బెల్‌హమ్ లోయ దాటాలి, అది ఇప్పుడు బురద, రాళ్ళతో నిండిన వాగు, పాత బ్రిడ్జి, గోల్ఫ్ కోర్సు దాని కిందే ఉన్నాయి, వాన పడుతుంటే అస్సలు దాటొద్దు. తూర్పు వైపు జాక్ బాయ్ హిల్ నుంచి పాత ఎయిర్‌పోర్టు చోటు చూడొచ్చు. రెండిట్లో ఒకటే అంటే గారిబాల్డి. ఫ్లెమింగ్స్‌లో వోల్కనో అబ్జర్వేటరీ ఉంది, అక్కడి సినిమా ప్లిమత్ వెళ్ళకముందే చూడండి, మేం తర్వాత చూసి పొరపాటు చేశాం. కొండ 2010 ఫిబ్రవరి తర్వాత పెద్దగా పేలలేదు గానీ వాయువులు వస్తూనే ఉన్నాయి, సైంటిస్టులు రోజూ కనిపెడుతూనే ఉంటారు. మధ్యాహ్నం 12కి హెచ్చరిక సైరన్లు పరీక్షగా మోగిస్తారు. మొదటి రోజు మాకు గుండె ఆగినంత పనైంది, పక్కన కూరగాయలు అమ్మే ఆవిడ తలెత్తకుండా తూకం వేస్తూనే ఉంది.

పరిపాలన గురించి నాకు ముందు నుంచీ కుతూహలం. దీవి మొత్తం 102 చదరపు కిలోమీటర్లు, అందులో సగానికి పైగా నిషేధం. అగ్నిపర్వతానికి ముందు 11 వేలకి పైనే ఉన్న జనం ఇప్పుడు సుమారు 4,400, మిగతావాళ్ళు ఇంగ్లండ్, ఆంటిగ్వా వెళ్ళిపోయారు. మన దగ్గర అంతమందికి ఒక పంచాయతీ, ఒక సర్పంచ్. ఇక్కడ రాజు తరఫున గవర్నర్, ఎన్నికైన ప్రీమియర్, మంత్రులు, 9 మంది ఎన్నికైన సభ్యుల అసెంబ్లీ. దీవంతా ఒకే నియోజకవర్గం, ఒక్కో ఓటరు 9 ఓట్ల దాకా వేయొచ్చు. 2011లో కొత్త రాజ్యాంగం వచ్చి చీఫ్ మినిస్టర్ పదవి ప్రీమియర్ అయింది, ఆ మొదటి ప్రీమియర్ రూబెన్ మీడ్ 2024 ఎన్నికల్లో మళ్ళీ గెలిచి వచ్చారు. రక్షణ, విదేశీ వ్యవహారాలు గవర్నర్ చేతిలో. బడ్జెట్‌లో సగానికి పైగా బ్రిటన్ డబ్బే. కాగితాల మీద రాజధాని ఇప్పటికీ ప్లిమతే, ఆఫీసులు మాత్రం ఉత్తరాన ఉన్న బ్రేడ్స్‌ అనే ఊళ్ళో.

ఈ డబ్బు సంగతి ఎత్తితే జనం గొంతు మారుతుంది. 1997లో సాయం అడిగినప్పుడు బ్రిటన్ మంత్రి క్లేర్ షార్ట్ ఇంకాసేపైతే బంగారు ఏనుగులు అడుగుతారు అన్నట్టు మాట్లాడారు, గైడ్ ఆ మాట నిన్న విన్నట్టే చెప్పాడు. వీళ్ళకి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం 2002లో గానీ రాలేదు. ఊరు పోయినవాడు నష్టపరిహారం అడిగితే దురాశ అనడం మాకు కొత్త కాదు, అమ్మ వాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగి ఇలాంటి మాటలే పడ్డారు.

బీచ్‌ల గురించి పెద్దగా ఊరించను. ఇసుక నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కాళ్ళు కాలతాయి. రాండెవూ ఒక్కటే లేత రంగు ఇసుక బీచ్, లిటిల్ బే నుంచి పడవలో వెళ్ళండి, కొండ దారి మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి కాదు. ఓరియోల్ వాక్‌వే అడవి దారి మాత్రం వదలొద్దు, ప్రపంచంలో ఇంకెక్కడా లేని మాంట్సెరాట్ ఓరియోల్ పిట్ట అక్కడుంటుంది. పసుపు, నలుపు రంగుల మగపిట్ట మాకు రెండు గంటలు తిరిగాక ఒక అరటాకు లాంటి ఆకు కింద కనిపించింది, గూడు ఆ ఆకుకే కుట్టినట్టు వేలాడుతోంది.

తిండిలో గోట్ వాటర్ తినాల్సిందే, పేరు చూసి భయపడకండి, లవంగం ఘాటుతో చిక్కటి మేక మాంసం పులుసు, బన్నుతో ఇస్తారు. సంగటి ముద్ద ఉంటే ఇంకేం కావాలి అని అమ్మ రెండో గిన్నె తెప్పించుకుంది. బ్రేడ్స్‌లో గయానా నుంచి వచ్చిన ఒకావిడ రొట్టె, పప్పు అమ్ముతుంది, ముత్తాత మద్రాసు నుంచి ఓడెక్కాడని మాత్రం తెలుసట, ఏ ఊరో, ఏ భాషో తెలీదట. మద్రాసు ఓడల్లో గయానా వెళ్ళిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అమ్మ ఆవిడకి నాలుగు తెలుగు ముక్కలు చెప్పి, ఎక్కడైనా విన్నావా అమ్మా అని అడిగింది. ఆవిడ నవ్వి లేదంది, డబ్బులు మాత్రం సగమే తీసుకుంది. ఇంకో సంగతి, 1995 వరకు ఇక్కడ అమెరికన్ మెడికల్ కాలేజీ ఒకటి నడిచింది, అగ్నిపర్వతం తర్వాత సెయింట్ మార్టిన్ వెళ్ళిపోయింది, ఆ స్టూడెంట్ల అద్దెల మీద బతికిన ఇళ్ళు ఎన్నో ఉండేవట.

వెళ్ళేవాళ్ళు ముందు విమానం, తర్వాత బస, దిగిన రోజే గైడ్, ఈ వరసలో చూసుకోండి. ప్లిమత్‌కి పాత షూస్ వేసుకోండి, ఆ బూడిద వదలదు. అమ్మ షూస్ కుట్లలో ఇంకా ఉంది, మా ఆవిడ వాషింగ్ మెషీన్‌లో వేస్తానంటే అమ్మ వద్దంది, కర్నూలు వెళ్ళాక చూసుకుంటానని కవర్లో చుట్టి పెట్టెలో పెట్టుకుంది.