మా వడ్ల సంచి మిషన్‌కి పేటెంట్ చేయించిన మేడమ్ ఆఫీసు: 5కి 4

నాది మిర్యాలగూడ. వెల్డింగ్ షాపు. ట్రాలీలు, గేట్లు, రైస్ మిల్లులకు రేకు పని చేస్తా. పేటెంట్ ఏజెంట్ మీద రివ్యూ రాసే రోజొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నాకు అవసరమైనప్పుడు తెలుగులో ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు కాబట్టి రాస్తున్నా. ఆఫీసు హైదరాబాద్ నారాయణగూడలో, మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. పేరు రాయొద్దని మేడమే అన్నారు, రాయను.

ముందు మిషన్ సంగతి. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటా వేయాలంటే సంచికి ముగ్గురు కావాలి. ఇద్దరు మూతి సాగదీసి పట్టుకుంటే ఒకరు గంపతో పోస్తారు. 40 కిలోలు, సంచి బరువుకు ఇంకో 600 గ్రాములు. అటూ ఇటూ అయితే తరుగు పంచాయితీ. నేను చేసిన దాంట్లో చిన్న బకెట్ల చైను కుప్పలో నుంచి వడ్లు ఎత్తి గొట్టంలో పోస్తుంది. గొట్టం కింద సంచి మూతిని కొక్కేలు తెరిచి పట్టుకుంటాయి. సంచి నిలబడిన పీట కింద స్ప్రింగు ఉంటుంది. బరువు సరిపోగానే పీట దిగుతుంది, లివర్ కదులుతుంది, గొట్టానికి మూత పడుతుంది, కొక్కేలు సంచిని వదిలేస్తాయి. పక్కకు జరిపి దబ్బనంతో కుట్టుకోవడమే.

2022 యాసంగిలో, ఏప్రిల్ నెలలో, మా ఊరి సెంటర్లో రెండు రోజులు నడిపి చూశాం. మా బావమరిది వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చీరల నేతకు దారం ఆసు పోసే మిషన్ చేసిన సంగతి మా పాత నల్లగొండ జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. దానికి 2011లో పేటెంట్, 2017లో ఆయనకు పద్మశ్రీ. ఇక మావాడు అదే పట్టుకున్నాడు. "నువ్వు కూడా చేయించు బావా" అని రోజూ ఒకటే పోరు.

ఫోన్లో ఒక కన్సల్టెంట్ దొరికాడు. పదిహేను రోజుల్లో పేటెంట్ గ్యారంటీ అన్నాడు, 22,000 అన్నాడు. ఫోన్‌పే కొట్టా. ఫొటోలు అడిగాడు తప్ప మిషన్ ఎట్లా పనిచేస్తుందో ఒక్క మాట అడగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఒక రసీదు పంపాడు. నేను దాన్ని ప్రింట్ తీసి షాపులో అంటించుకున్నా కూడా. నవంబర్లో మా అమ్మాయి ఆ నంబర్‌ను పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో కొట్టి చూస్తే పేటెంట్లలో లేదు, డిజైన్లలో ఉంది. డిజైన్ అంటే బయటి రూపానికి మాత్రమే రక్షణ. లోపలి లివర్‌కి, స్ప్రింగుకి దాంతో సంబంధం లేదు. నాలాంటి ఒంటి మనిషికి దాని సర్కారు ఫీజు 1,000 రూపాయలు. మిగతా 21,000 దేనికో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నా, ఫోన్ ఎత్తడు.

ఆ దెబ్బతో ఈసారి చూసుకుని వెళ్లా. మన దేశంలో పేటెంట్ ఏజెంట్ కావాలంటే సైన్సో ఇంజినీరింగో డిగ్రీ ఉండాలి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసవ్వాలి. వకీలే కానక్కర్లేదు. పాసైనవాళ్ల పేర్లు అదే వెబ్‌సైట్లో ఉంటాయి, ఐఎన్/పీఏ అని మొదలయ్యే నంబర్‌తో. మేడమ్ నంబర్ కనిపించాకే బస్సెక్కా.

వెళ్లిన రోజు గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. అదీ మంచికే అయింది. నా ముందు కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, వేరుశనగ కొత్త పద్ధతిలో వేస్తే దిగుబడి బాగుందని. సాగు పద్ధతికి మన చట్టంలో పేటెంట్ ఇవ్వరని చెప్పి, పైసా తీసుకోకుండా చాయ్ తాగించి పంపారు. తర్వాత ఒక కాలేజీ కుర్రాడు యాప్ తెచ్చాడు. ఉత్త ప్రోగ్రామ్‌కి కుదరదని వాడినీ వెనక్కి పంపారు. మందుల కంపెనీవాళ్లు మాత్రం లోపల రూమ్‌లో లాప్‌టాప్‌లతో కూర్చున్నారు. పైసలు అక్కడే వస్తాయేమో మరి.

నా వంతు వచ్చాక మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని అమ్మారు?" ఒక్కటీ అమ్మలేదన్నా. "నలుగురిలో ఎప్పుడు నడిపారు?" ఏప్రిల్ అన్నా. వెంటనే క్యాలెండర్ చూశారు. ట్రయల్ కోసం తప్పక నలుగురిలో నడిపితే, ఏడాది లోపు దరఖాస్తు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందట. యూట్యూబ్ వీడియోకు మాత్రం ఆ వెసులుబాటు లేదట. పసుపు కథ చెప్పారు. గాయాలు మాన్పడానికి పసుపు అని అమెరికాలో ఒక యూనివర్సిటీకి 1995లో పేటెంట్ ఇస్తే, మన సర్కారు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు ఇది మా దగ్గర ఎప్పటి నుంచో ఉందని పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించారు. "ముందే బయటపడిందానికి పేటెంట్ ఉండదు. వాళ్ల పసుపైనా, మీ వీడియో అయినా" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఆ వీడియోను ఆపుతూ, నడుపుతూ అరగంట చూశారు. చివరికి, "లివర్ మీద రేకు కప్పారు కదా, లోపల ఏముందో కనపడట్లేదు. బతికిపోయారు" అన్నారు. దుమ్ము పడుతుందని వేసిన రేకు అది!

నేను కొత్తవి పదకొండు ఉన్నాయని కాగితం మీద రాసుకెళ్లా. ఆమె వెతికి వెతికి పది కొట్టేశారు. బకెట్ల చైను పాతదే, బరువుకు ఆగే సంచి మిషన్లు బయటి దేశాల్లో బోలెడు. పాతవాటిని పక్కపక్కన బిగించి, దేని పని అది చేసుకుంటూ పోతే ఇన్వెన్షన్ కాదట, పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(ఎఫ్). మిగిలింది ఒక్కటే: కరెంటు సెన్సర్ ఏదీ లేకుండా పీట దిగడమే ఒకే లివర్‌తో గొట్టాన్ని మూసి, సంచినీ వదలడం. ఒకటి కదిలితే ఇంకోటి కదలాలి, అక్కడే మీ పేటెంట్ అన్నారు. నాకైతే మిషనంతా ఊడబీకి ఒక్క లివర్ చేతిలో పెట్టినట్టయింది.

ఇంకో ప్రశ్న అడిగారు, దానికి నేను రెడీగా లేను. "కొక్కేలు వాటంతటవే వదలాలన్న ఆలోచన ఎవరిది?" నాదే అనబోయా. పక్కనే మా ఇంటామె. "పొద్దంతా సంచి మూతి పట్టుకున్నది నేను. చేతులు గుంజుతున్నయి, గీ కొక్కేలు అవే ఇడిసిపెట్టేటట్టు చెయ్ అని చెప్పింది నేనే కదా" అంది. నిజమే. ఆలోచించిన మనిషి పేరు ఫారంలో లేకపోతే ముందు ముందు పేటెంటుకే ఇబ్బంది అని మేడమ్ ఆమె పేరు మొదట రాశారు. దాంతో ఇంకో లాభం కూడా ఉందట. దరఖాస్తుదారుల్లో అందరూ మామూలు మనుషులై, ఒక్క ఆడమనిషి ఉన్నా దరఖాస్తును త్వరగా పరిశీలించమని పేటెంట్ ఆఫీసును అడగొచ్చు. మగవాడిని ఒక్కడినే అయితే లైన్లో ఉండాల్సిందే.

జనవరి 2023లో ప్రొవిజనల్, అంటే తేదీ దక్కించుకునే మొదటి దరఖాస్తు, వేశారు. మన దరఖాస్తులన్నీ చెన్నై ఆఫీసుకే. ఫీజు 1,600. ఏడాది లోపు పూర్తి స్పెసిఫికేషన్, అంటే మిషన్ వివరమంతా రాసిన కాగితాలు, ఇవ్వాలి, ఆగస్టులో ఇచ్చారు. త్వరగా ప్రచురించడానికి 2,500, త్వరగా పరిశీలించడానికి 8,000. మేడమ్ ఫీజు 35,000, మూడు విడతలు.

రాత దగ్గర ఆమె పని చూడాలి. అందులో క్లెయిమ్ అని ఉంటాయి, దేనిమీద హక్కు మనదో చెప్పే వాక్యాలు. నేను "ఇనుప కొక్కేలు" అని చెప్పా, ఆమె రాయలేదు. "రేపు ఎవడో కొక్కెం తీసేసి క్లిప్పు పెడతాడు, అప్పుడేం చేస్తారు?" అన్నారు. మొదటి క్లెయిమ్‌లో "సంచి అంచును పట్టి ఉంచే సాధనం" అని అర్థం వచ్చేట్టు రాసి, కొక్కెం అన్న మాటను రెండో క్లెయిమ్‌లోకి దింపారు. స్ప్రింగుకూ అట్లాగే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, దరఖాస్తు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి, తెలుగు నడవదు. అది ఆమె తప్పు కాదు. కానీ 18 పేజీల ఇంగ్లిష్ పీడీఎఫ్ రాత్రి పదింటికి వాట్సాప్‌లో పెట్టి "పొద్దున్నకల్లా ఓకే చెప్పండి" అంటే ఎట్లా? గట్టిగా అడిగాక ఫోన్లో గంట కూర్చుని లైను లైను తెలుగులో చెప్పారు. అది ముందే చేయాల్సింది. రెండోది, డిసెంబర్లో పేటెంట్ ఆఫీసు నుంచి అభ్యంతరాల లెటర్ వచ్చాక జవాబు రాయడానికి ఇంకో 12,000 అన్నారు. జవాబుకు ఆరు నెలల గడువుంది, అయినా ఆ ఖర్చు మొదటి రోజే చెప్తే నేను టెన్షన్ పడేవాణ్ని కాదు. ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. గాంధీనగర్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అని ఉంది, చదువు లేకపోయినా ఊళ్లో కనిపెట్టినవాళ్లకు పేటెంట్ పనిలో సాయం చేస్తారు, కావాలంటే ముందు అక్కడ అడగండి అని తన ఫీజు చెప్పకముందే ఆమే చెప్పారు. ఆలస్యమైతే ఏప్రిల్ దాటుతుందని నేనే ఆగలేదు.

జులై 2024లో గ్రాంట్ అయింది. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టాలి, మొదట్లో 800. సర్టిఫికెట్‌ను పాత డిజైన్ రసీదు పీకేసిన చోటే అంటించాం, మా ఇంటామె పేరు పైన.

మొన్న హాలియా వైపు ఒక షెడ్డులో ఇదే మిషన్ చూశా, కొక్కేల బదులు క్లిప్పులతో. ఫొటో మేడమ్‌కి పంపితే "మొదటి క్లెయిమ్ చదవండి" అని ఒక్క లైను వచ్చింది. సోమవారం నోటీసు గురించి మాట్లాడదాం అన్నారు. ఈసారి ఫీజు ఎంతో ముందే అడుగుతా.