పాత వ్యాగనార్‌లో మూడుసార్లు ఇంజిన్ ఫ్లష్ పోశాక

నాది 2007 వ్యాగనార్, 1061 సీసీ పెట్రోల్. 2019లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు మీద 78 వేలు. తెచ్చిన వారానికి ఆయిల్ మూత తిప్పి చూస్తే, అడుగున మాడిన చింతపండు గుజ్జులా నల్లగా పేరుకుని ఉంది. గోటితో గీకితే ఇరుక్కుని రెండు రోజులు పోలేదు. పాత ఓనరు ఆయిల్ మార్చినట్టు లేదు, తగ్గినప్పుడల్లా పైన పోస్తూ నెట్టుకొచ్చినట్టున్నాడు.

అందుకే ఇంజిన్ లోపల పేరుకున్న మడ్డిని కడిగే మందు, అంటే ఫ్లష్ డబ్బా కొన్నాను. 300 మి.లీ., నాలుగు వందల పైచిలుకు. ఇంజిన్ వేడెక్కాక పాత ఆయిల్లోనే పోసి, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, వేడి మీదే దించేసి, ఫిల్టర్‌తో సహా కొత్త ఆయిల్ వేయాలి. ఆ పది నిమిషాలూ బండి కదపకూడదు, రేజ్ చేయకూడదు. మందు కలిశాక ఆయిల్ పలచబడుతుంది, దాని మీద లోడు వేస్తే బేరింగులు అరుగుతాయి. వెనకటి మేస్త్రీలు కిరసనాయిలు పోసేవారు చూడండి, ఇదీ ఇంచుమించు ఆ జాతిదే, కాస్త డిటర్జెంట్ కలిపి అందంగా డబ్బాలో పెట్టారు.

డ్రెయిన్ బోల్ట్ విప్పగానే చిక్కటి డికాషన్‌లా జర్రున కారింది. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది, అసలు ఈ మందు అమ్ముడుపోయేది ఆ దృశ్యం వల్లే అనుకుంటా. మైలేజీ మాత్రం అంగుళం కదల్లేదు. వాల్వుల దగ్గరి ట్యాపెట్ల టకటక కూడా సెట్టింగ్ చేయించాకే తగ్గింది. కొత్త ఆయిల్ నాలుగు వందల కిలోమీటర్లకే నల్లబడింది. మొదట కంగారుపడ్డాను గానీ, లోపల మిగిలిన మడ్డిని ఆ ఆయిలే మెల్లగా లాగుతోందని తర్వాత అర్థమైంది. రెండు వేల కిలోమీటర్లకే దాన్ని మార్చేశాను.

2020 చివర్లో రెండోసారి పోసినప్పుడు అత్యాశకు పోయాను. పది నిమిషాలకు ఇంత వస్తే ఇరవై నిమిషాలకు ఎంత రావాలి అనుకుని అలాగే ఉంచాను. నెల తిరక్కుండానే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగితే, ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంది. గుండె జారిపోయింది. అక్కడే ఇంజిన్ ఆపేసి, ఆటోనగర్‌కి తాడు కట్టి లాక్కెళ్లాం.

మేస్త్రి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పి, ఆయిల్‌ని వడకట్టే స్ట్రెయినర్ నా చేతిలో పెట్టాడు. జాలీ సగానికి పైగా మూసుకుపోయి ఉంది, ఆవాలంత నల్లటి పెళ్లలతో. “సార్, మీ మందు దీన్ని కరిగించలేదు, ఊడగొట్టింది. ఊడిందంతా వచ్చి ఇక్కడ ఇరుక్కుంది,” అన్నాడు. చాంబర్, స్ట్రెయినర్ డీజిల్‌తో కడిగి, బ్రష్షుతో రుద్ది బిగించాడు. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా కారడం మొదలైంది. ముసలి సీలు, ఇన్నాళ్లూ మడ్డే దాన్ని కాపాడిందని ఆయన లెక్క. సీల్ కోసం గేర్‌బాక్స్ దించాల్సి వచ్చింది. నాలుగు వందల డబ్బాకి ఎంత బిల్లయిందో ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

తర్వాత ప్రతి 5 వేల కిలోమీటర్లకీ ఆయిల్, ఫిల్టర్ మారుస్తూ వచ్చాను. 2022లో ఉత్సుకత కొద్దీ మూడోసారి ఫ్లష్ పోస్తే, దిగిన ఆయిల్ మామూలుగా దిగేదాని కన్నా కొంచెం పలచన, అంతే. కొత్తగా వచ్చిన మురికేమీ లేదు. ఇప్పుడు మీటరు లక్షా ముప్పై దాటింది, ఆయిల్ లైటు మళ్లీ వెలగలేదు.

ఆయిల్ మూత కింద పలచటి గోధుమరంగు పూత మాత్రమే ఉంటే ఒకసారి వాడొచ్చు, టైము మించకండి. మడ్డి మందంగా ఉంటే మాత్రం ముందు చాంబర్ విప్పించి జాలీ చూడండి. టైముకి ఆయిల్ మార్చిన బండికి దీంతో పనే లేదు. ఐదుకి రెండున్నర ఇస్తాను. ఆఫర్‌లో కొన్న నాలుగో డబ్బా మా అబ్బాయి సైకిల్ చెయిన్ కడగడానికి ఉపయోగపడుతోంది.