గోల్డ్ ఫిష్షా, ఫైటరా: చెన్నై ఇంటికి ఏ చేప మేలు?

పిల్లలు అడిగారని చెన్నైలోని మన తెలుగువాళ్ళు చాలామంది కొళత్తూరు చేపల దుకాణాలకు వెళ్తారు. రంగు చూస్తారు, ధర చూస్తారు, తోక అందం చూస్తారు. ఆ చేప ఊపిరి ఎలా తీసుకుంటుందని మాత్రం అడగరు. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

గోల్డ్ ఫిష్ పూర్తిగా మొప్పల మీద ఆధారపడిన చేప. ఫైటర్ (బెట్టా) చేపకు మొప్పలు ఉన్నా, వాటికి కాస్త పైన తలలో లాబిరింత్ అనే మరో అవయవం ఉంటుంది. మడతలు పడిన పలుచని ఎముక, దాన్ని కప్పుతూ రక్తనాళాలు నిండిన పొర. ఫైటర్ పైకి వచ్చి గాలిని గుటక వేస్తే, అందులోని ఆక్సిజన్ ఆ మడతల దగ్గర రక్తంలో కలుస్తుంది.

అలాగని మొప్పలు తక్కువ రకం ఏర్పాటేమీ కాదు. మొప్పల మీదుగా నీరు ఒక దిక్కుకు పోతుంటే, లోపల రక్తం దానికి ఎదురుగా పారుతుంది. అందువల్ల దారి పొడవునా రక్తంలో కంటే నీటిలోనే ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది, అది లోపలికి వస్తూనే ఉంటుంది. నీటిలో ఉన్న ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేసే చేపలున్నాయి. మనం 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చి, ఇంకా 16 శాతం మిగిలి ఉండగానే వదిలేస్తాం. చేపకు వచ్చిన చిక్కల్లా నీటితోనే. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల నీటిలో లీటరుకు 5 మిల్లీలీటర్ల పైచిలుకే. పైగా నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు బరువు. ఆ కొంచెం ఆక్సిజన్ కోసం అంత బరువును నోట్లోంచి మొప్పల మీదికి తోస్తూనే ఉండాలి.

ఇక్కడే చెన్నై ఎండ లెక్కలోకి వస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. గోల్డ్ ఫిష్ పుట్టిల్లు చైనా, చల్లటి నీళ్ళంటే దానికి హాయి. మే నెలలో మన హాల్లో తొట్టె నీళ్ళు 30 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు గుండ్రటి గాజు గిన్నె. నీటిలోకి ఆక్సిజన్ చేరేది గాలికి తగిలే పైభాగం నుంచే. ఆ గిన్నె మూతి ఇరుకు. అంచుదాకా నీళ్ళు పోస్తే మరీ ఇరుకు. చేప విడిచే అమ్మోనియా ఆ కొద్ది నీళ్ళలోనే పేరుకుని మొప్పలను కాలుస్తుంది. కలిసొస్తుందని అలాంటి గిన్నెలో ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది వేసి పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గోల్డ్ ఫిష్ పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆడుకుంటోందని పిల్లలు అనుకుంటారు. చాలాసార్లు అది ఊపిరాడక పైపొర నీటిని అందుకోవడం. చలికాలపు చెరువుల్లో ఆక్సిజన్ దాదాపు లేకపోయినా గోల్డ్ ఫిష్ బతుకుతుందన్న మాట నిజమే, అప్పుడు దాని ఒళ్ళు ఆల్కహాల్ తయారుచేసుకుని నెట్టుకొస్తుంది. కానీ అది గడ్డకట్టే చలిలో సాగే ఉపాయం, మన ఎండల్లో పనికిరాదు.

గాలి పీల్చే చేప మనకు కొత్తేమీ కాదు. సంతలో బొచ్చె, శీలావతి ఒడ్డున పడ్డ కాసేపటికే ప్రాణం వదులుతాయి, ఎందుకంటే నీళ్ళు లేకపోతే మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కొరమీను మాత్రం కొద్దిపాటి నీళ్ళున్న బేసిన్‌లో గంటల తరబడి బతికే ఉంటుంది. తమిళులు విరాల్ అనేది దాన్నే. గాలి పీల్చే దాని అవయవం అచ్చం ఫైటర్‌ది లాంటిదే కాదు గానీ, చేసే పని అదే.

ఫైటర్ థాయ్‌లాండ్ వరిపొలాల్లో, మెల్లగా కదిలే వెచ్చటి నీళ్ళలో పెరిగే చేప. 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. మన ఊరి వేడి దానికి ఇబ్బంది కాదు, కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగినా టెన్షన్ లేదు. అయితే దుకాణాల్లో సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు కదా, ఇంట్లోనూ సీసా చాలు అనుకోవద్దు. ఆక్సిజన్ గాలి నుంచి తెచ్చుకున్నా, కార్బన్ డై ఆక్సైడ్, అమ్మోనియా ఎక్కువగా మొప్పల నుంచే నీటిలోకి పోవాలి. నీళ్ళు మురికైతే ఫైటరూ జబ్బుపడుతుంది. పైకి వచ్చే దారి మూసేస్తే నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. రెండు మగవాటిని ఒకచోట ఉంచితే కొట్టుకుంటాయి, అది అందరికీ తెలిసిందే.

ఇక నా మాట. ఇరుకు ఫ్లాటు, వేసవిలో కరెంటు కోతలు, వారానికోసారి నీళ్ళు మార్చే తీరిక మాత్రమే ఉంటే ఫైటర్ మేలు. 15, 20 లీటర్ల తొట్టె, ఒకే చేప, మూతకీ నీటికీ మధ్య రెండు అంగుళాల ఖాళీ. నాలుగైదు చేపలు కలిసి తిరగాలంటే గోరామి చూడండి, దానికీ లాబిరింత్ ఉంది, కాకపోతే తొట్టె పెద్దది కావాలి. గోల్డ్ ఫిష్ మీదే మనసుంటే వెడల్పాటి పెద్ద తొట్టె, మంచి ఫిల్టర్, బ్యాటరీ పంపు పెట్టగలిగినప్పుడే తెచ్చుకోండి. అది పదేళ్ళకు పైగా బతకగల చేప, జానెడు పెరుగుతుంది.

ఇప్పటికే గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ ఉన్నవాళ్ళు ఇవాళే దాన్ని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్ళు) అయితే ముందు యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, క్లోరిన్ కూడా మొప్పలనే దెబ్బతీస్తుంది. పాత నీళ్ళు సగం ఉంచి, కొత్తవి కొంచెం కొంచెంగా కలపండి. ఆ టబ్బును కిటికీ ఎండ తగలని చోట పెట్టండి.