ఫిట్టర్ ప్రాక్టికల్‌కి మార్కులెవరు వేయాలి: నేర్పిన మాస్టారా, బయటి ఎగ్జామినరా?

ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో ప్రాక్టికల్ పాసవ్వాలంటే 60 శాతం రావాలి, థియరీకి 33 చాలు. అంటే సర్టిఫికెట్ బరువంతా చేతిపని మీదే ఉంది. మరి ఆ పనికి మార్కులు వేసే అర్హత ఎవరిది?

నేర్పిన మాస్టారికి పిల్లవాడి చెయ్యి తెలుసు. ఆకురాయి ఎలా పడుతున్నాడో, ముక్కని బిగించే వైస్ ముందు ఎలా నిలబడుతున్నాడో, ఎన్ని హ్యాక్సా బ్లేడ్లు విరగ్గొట్టాడో ఏడాదంతా చూశారు. పూర్తయిన ముక్కలో, అంటే జాబ్‌లో ఇవేవీ కనిపించవు. అందుకే ఏడాది పొడవునా పని చూసి వేసే ఫార్మేటివ్ మార్కులు ఆయన చేతిలో ఉండటం న్యాయమే. చివరి పరీక్ష మాత్రం వేరు. తన బ్యాచ్ ఫెయిలైతే ఆయనకూ మాటొస్తుంది. ఎంత నిజాయితీపరుడికైనా అక్కడ మనసు కాస్త మెత్తబడుతుంది.

బయటి ఎగ్జామినర్‌కి ఆ మొహమాటం లేదు. పిల్లవాడు చేసిన రెండు ముక్కలనీ ఒకదాంట్లో ఒకటి అమర్చి వెలుతురుకి ఎత్తి చూస్తాడు. సందులోంచి వెలుగు కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. తర్వాత సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పెట్టి 0.02 మిల్లీమీటర్ల దాకా కొలుస్తాడు. అయితే ఆయన కూడా ఆకురాయి పట్టినవాడై ఉండాలి. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకమైన పీఎంకేవీవై కోర్సుల్లో శిక్షణ ఒకరిది, అసెస్‌మెంట్ మరొకరిది. అసెసర్ కూడా విడిగా శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

నన్నడిగితే చివరి సంతకం బయటివారిదే కావాలి. ఒక్క షరతు: జాబ్ అయ్యాక వచ్చి కొలిచి వెళ్లిపోకూడదు, మొదటినుంచీ వర్క్‌షాప్‌లోనే ఉండాలి. లేకపోతే పక్కవాడు రుద్దిపెట్టిన ముక్కకి మార్కులు పడిపోతాయి.